గ్రౌండ్ మాన్పించే ముందు ఒక్క మాట



ఎస్‌ఏ-1 మార్కులు ఇళ్లకు చేరిన వారం మా స్టాఫ్ రూమ్‌కు ఇంచుమించు ఒకేలాంటి ఫోన్లు వస్తాయి. "సార్, లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఈ ఏడాదికి వీణ్ని గేమ్స్ నుంచి తీసేయండి. ఆ టైమ్ కూడా చదువుకే పెడతాడు." ఏడు, ఎనిమిది తరగతుల్లో ఈ ఫోన్లు తక్కువ. తొమ్మిదిలో పెరుగుతాయి. టెన్త్‌కు వచ్చేసరికి అడగాల్సిన అవసరం కూడా ఉండదు. పిల్లలే షూస్, రాకెట్లు అటకెక్కించి వస్తారు.

నేను చెప్పేది లెక్కలు. నా సబ్జెక్టుకు రోజూ ఇంకొంత సమయం దొరుకుతుందంటే సంతోషించాల్సినవాణ్ని. అయినా ఈ నెల ఈ పేజీలో అందుకు వ్యతిరేకంగానే మాట్లాడాలనుకుంటున్నాను. మార్కులు తగ్గాయని మీరు పిల్లల్ని గ్రౌండ్ మాన్పిస్తే, ఆ మార్కులు పెరగడానికి కావలసిన అసలు గుణాన్ని నేర్పే చోటునే వాళ్లకు దూరం చేస్తున్నారు. ఆ గుణం పేరు పట్టుదల.

పట్టుదల అంటే గంటలు కాదు

పట్టుదల అనగానే మనలో చాలామందికి రాత్రి పన్నెండింటికి టేబుల్ లైట్ కింద కూర్చున్న పిల్లవాడు గుర్తొస్తాడు. అందులో కష్టం ఉంది, కాదనను. అయితే ఎక్కువసేపు కూర్చోవడమూ, పట్టుదలా ఒకటి కావు. వచ్చిన లెక్కలే ఇరవై సార్లు చేస్తూ నాలుగు గంటలు గడిపే పిల్లల్ని నేను ఏటా చూస్తున్నాను. రాని లెక్క దగ్గరికి మాత్రం వాళ్లు వెళ్లరు. అక్కడ తప్పు వస్తుంది కదా! తప్పంటే భయం.

పరీక్షలో దెబ్బతిన్న మర్నాడు పిల్లవాడు ఏం చేస్తాడన్నదే నా దృష్టిలో పట్టుదలకు కొలత. ఆ పేపర్ మళ్లీ తెరుస్తాడా? ఎక్కడ పోయిందో వెతుకుతాడా? ఒక్క చిన్న విషయం మార్చుకుని మళ్లీ ప్రయత్నిస్తాడా? ఓడిపోవడం, కారణం వెతకడం, ఒకటి మార్చడం, మళ్లీ రావడం. ఈ నాలుగు పనులూ వరసగా చేయగలిగితే అది పట్టుదల. ఒకటి రెండుసార్లు చేస్తే అలవాటు కాదు, వందల సార్లు చేయాలి. తరగతి గదిలో ఏడాది మొత్తం మీద అన్ని అవకాశాలు రావు. గ్రౌండ్‌లో ఒక్క సాయంత్రమే బోలెడు వస్తాయి.

లెక్కకు రాని రికార్డు

ఇది ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ తెలుసుకోవాలి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పని చేసిన మనిషి. జ్యోతి పరుగు 100 మీటర్ల హర్డిల్స్. ఇందులో పది హర్డిల్స్ ఉంటాయి. ఒక్కోటి దాదాపు 84 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మన డైనింగ్ టేబుల్ కన్నా కాస్త ఎక్కువ. ఒకదానికీ మరోదానికీ మధ్య 8.5 మీటర్లు. ఆ మధ్యలో మూడే అడుగులు పడాలి. పరుగంతా పదమూడు సెకన్ల వ్యవహారం. కాలు తగిలి హర్డిల్ పడిపోయినంత మాత్రాన పరుగు రద్దు కాదు. వేగం తగ్గుతుంది, కానీ తర్వాతి హర్డిల్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఈ ఈవెంట్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు చాలా ఏళ్లు చెక్కు చెదరలేదు. 2020 జనవరిలో అఖిల భారత యూనివర్సిటీల పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలో పరుగు ముగించింది. రికార్డు కన్నా ఎంతో మెరుగు. కానీ అది రికార్డుగా లెక్కకు రాలేదు. రికార్డును గుర్తించాలంటే అక్కడ డోప్ పరీక్షలు జరగాలి, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి ఉండాలి. ఆ పోటీల్లో ఆ ఏర్పాట్లు లేవు. అందులో ఆమె తప్పేమీ లేదు.

రెండేళ్లు గడిచాయి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్‌లో ఆమె మళ్లీ పాత రికార్డు కన్నా వేగంగా పరిగెత్తింది. ఈసారి అధికారులూ ఉన్నారు, పరీక్షలూ ఉన్నాయి. గాలి మాత్రం అడ్డొచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ సమయాన్ని రికార్డుగా తీసుకోరు. ఆ రోజు గాలి 2.1. ఒక్క పాయింటు తేడాతో రెండోసారీ పోయింది.

మీ పాప ఆ స్థానంలో ఉందనుకోండి. రెండుసార్లు కష్టానికి ఫలితం దక్కింది, రెండుసార్లూ కాగితం మీదికి ఎక్కలేదు. "ఇక చాల్లేమ్మా, మనకు రాసిపెట్టి లేదు" అని మనలో ఎంతమంది అనకుండా ఉండగలం?

మరుసటి నెల, 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23 సెకన్లలో పరిగెత్తింది. ఇరవై ఏళ్ల రికార్డు ఆ రోజు అధికారికంగా చెరిగింది. ఒక సంగతి గమనించండి. పుస్తకానికెక్కిన ఈ 13.23 నిజానికి రెండేళ్ల కిందట పుస్తకానికెక్కని 13.03 కన్నా నెమ్మదైన పరుగే. ఆమె అక్కడితో ఆగలేదు. అదే నెలలో ఇంగ్లండ్‌లో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. అక్టోబరులో బెంగళూరులో 12.82. పదమూడు సెకన్లలోపు ఈ పరుగు ముగించిన తొలి భారతీయ మహిళ ఆమె. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్‌లో మన దేశం తరఫున పాల్గొన్న మొదటి మహిళ కూడా ఆమే.

13.23 నుంచి 12.78కి తేడా ఎంత? సెకనులో సగం కూడా లేదు, 0.45 సెకన్లు. దానికి పదిహేను నెలలు పట్టింది. ఒక్క గంతులో కాదు, కొన్ని వందో వంతుల చొప్పున. పట్టుదల పని చేసే తీరు ఇది. బయటివాళ్లకు కనిపించనంత చిన్న మార్పులు, వరసగా.

మార్కుల విషయంలో మనం ఇక్కడి నుంచి తీసుకోవాల్సిన మాట ఒకటుంది. కాగితం మీద పడిన అంకె, పిల్లల సత్తా ఎప్పుడూ ఒకటి కావు. జ్వరంతో రాసిన పరీక్ష ఉంటుంది. ప్రశ్న తప్పుగా చదివి పోగొట్టుకున్న ఎనిమిది మార్కులుంటాయి. వాటిని సాకులుగా వాడుకోనివ్వద్దు. అలాగని ఆ అంకెనే పిల్లవాడి జాతకం అనుకోవద్దు. మళ్లీ పరిగెత్తాలి, అంతే.

తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య దూరం

గ్రౌండ్‌కూ తరగతి గదికీ నాకు కనిపించే పెద్ద తేడా ఇది. షటిల్ ఆడే పిల్ల సర్వీస్ చేసింది, నెట్‌కు తగిలింది. తప్పు అప్పుడే తెలిసింది. కోచ్ "మణికట్టు కాస్త వదులు చెయ్యమ్మా" అన్నాడు. పది సెకన్లలో మళ్లీ సర్వీస్. మళ్లీ తగిలింది. మూడోది దాటింది. తప్పు చేయడం, తెలుసుకోవడం, మార్చుకోవడం మొత్తం అర నిమిషంలో అయిపోయింది. గంటలో ఇలాంటివి ఎన్నో. ఎవరూ ఏడవరు, ఎవరూ ఇంటికి మెసేజ్ పెట్టరు.

అదే పరీక్షయితే ఏమవుతుంది? తప్పు సోమవారం జరుగుతుంది. దిద్దిన పేపర్ చేతికి వచ్చేసరికి వారమో పది రోజులో. ఈలోగా కొత్త చాప్టర్ మొదలైపోతుంది. పేపర్ చూడగానే పిల్లల కన్ను పడేది పైనున్న అంకె మీద. ఆ అంకె ఇంట్లో చెప్పాలి, పక్కింటివాళ్లు అడుగుతారు, ర్యాంకు మారుతుంది. ఇన్ని భయాల మధ్య అసలు తప్పు ఎక్కడ జరిగిందో చూసే ఓపిక ఎవరికుంటుంది? మడిచి బ్యాగులో పెట్టేస్తారు.

తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య దూరం తగ్గినకొద్దీ పిల్లల్లో మళ్లీ ప్రయత్నించాలన్న ధైర్యం పెరుగుతుందని నా అనుభవం. గ్రౌండ్ ఆ దూరాన్ని తనంతట తాను తగ్గిస్తుంది. చదువులో దాన్ని తగ్గించాల్సింది టీచర్లుగా మేము, తల్లిదండ్రులుగా మీరు.

ఇద్దరు పిల్లలకు 80కి 46 వచ్చాయనుకోండి. ఒకరు పేపర్ తీసుకుని, "నాకు మ్యాథ్స్ రాదు సార్" అంటారు. మరొకరు, "సార్, ఇందులో తెలిసి కూడా పోయినవి ఎన్ని?" అని అడుగుతారు. మార్కులు ఒకటే. వచ్చే పరీక్షకు ఎవరు ముందుకు వెళ్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్లందరూ ఆటగాళ్లేనని నేను అనను. కానీ రోజూ సాయంత్రం ఓ గేమ్ ఓడి, మర్నాడు మళ్లీ కోర్టులోకి దిగే పిల్లలకు ఆ ప్రశ్న తేలిగ్గా నోటికొస్తుంది. వాళ్లకు ఓటమి కొత్త కాదు.

ఫైనల్లో ఓడటం కూడా నేర్చుకోవాల్సిందే

పి.వి. సింధు పేరు చెబితే మనకు పతకాలు గుర్తొస్తాయి. మీ పిల్లలకు పతకాలు మాత్రమే కాకుండా 2016 నుంచి 2019 వరకు నడిచిన వరస మొత్తం చెప్పండి.

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి గేమ్ గెలిచి, కరోలినా మారిన్ చేతిలో ఓడింది. రజతం. 2017లో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహారాతో 110 నిమిషాల పోరు. ఆఖరి గేమ్ 20-22తో చేజారింది. 2018లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో మళ్లీ మారిన్ చేతిలో ఓటమి. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల ఫైనల్లోనూ, ఆసియా క్రీడల ఫైనల్లోనూ ఓటమే. "ఫైనల్స్ అంటే తడబడుతుంది" అన్న మాట ఊరంతా పాకింది. టీవీ ముందు కూర్చుని మనం కూడా అన్నాం.

2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మళ్లీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా అదే ఒకుహారా. స్కోరు 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. ప్రపంచ చాంపియన్ అయిన తొలి భారత షట్లర్ సింధు.

ఆ మధ్యలో ఏం జరిగింది? ఆమె ఏళ్ల తరబడి గోపీచంద్ అకాడమీలో తెల్లవారకముందే మొదలయ్యే ప్రాక్టీస్ చేస్తూనే ఉంది. అదొక్కటే అయితే ఫలితం కూడా పాతదే వచ్చేదేమో. 2019లో దక్షిణ కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్ ఆమె ఆటలో కొన్ని మార్పులు చేయించారు. గోపీచంద్‌తో పాటు ఆ కోచ్‌కూ సింధు తన విజయంలో వాటా ఇచ్చింది. అప్పటికే ఒలింపిక్ రజతం ఉన్న ప్లేయర్, "నా ఆటలో మార్చుకోవాల్సింది ఉంది" అని ఒప్పుకోవడం చిన్న విషయమా? పట్టుదలలో మొండితనం పాలు కొంతే. మార్చుకునే గుణం పాలు ఎక్కువ.

చదరంగంలో మన కోనేరు హంపి కథా ఇలాంటిదే. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌ను ఆమె మొదలుపెట్టింది తొలి రౌండ్ ఓటమితో. ముగించింది టైటిల్‌తో. మొదటి యూనిట్ టెస్ట్ పోయిందని ఏడాదంతా పోయిందనుకునే పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

"వచ్చేసింది" అనిపించే చదువు

ఆటలో నేర్చుకున్నది చదువులోకి ఎలా వస్తుందని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. బాగా షటిల్ ఆడినంత మాత్రాన ఆల్‌జీబ్రా రాదు. రావాల్సింది పద్ధతి.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే ఫలితం తిరగబడింది. పుస్తకం మూసి తడుముకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

మన ఇళ్లల్లో జరిగేది గుర్తు చేసుకోండి. గైడ్‌లో సాల్వ్ చేసిన లెక్కను చూస్తూ పోతే అంతా అర్థమైనట్టే ఉంటుంది. "అమ్మా, చాప్టర్ అయిపోయింది" అంటారు. గైడ్ మూసి అదే లెక్క చేయమంటే మూడో స్టెప్ దగ్గర ఆగిపోతారు. ఆ ఆగిపోవడంలోనే చదువు ఉంది. అక్కడ కాసేపు ఇబ్బంది పడితే వచ్చేది నిలుస్తుంది. ఇబ్బంది పడటం అలవాటు లేని పిల్లలు వెంటనే గైడ్ తెరుస్తారు, లేదా ఫోన్‌లో వీడియో పెడతారు. గ్రౌండ్‌లో రోజూ పదిసార్లు తడబడి పదకొండోసారి సరిచేసుకునే పిల్లలకు ఆ మూడో స్టెప్ దగ్గర ఇంకో అయిదు నిమిషాలు ఆగడం కొంచెం తేలిక. నేను ఆట నుంచి కోరుకునేది ఆ అయిదు నిమిషాలే.

ఆడపిల్లలను ముందే ఆపేస్తున్నాం

ఒక విషయం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. అబ్బాయిలను తొమ్మిదో తరగతిలో ఆపితే, అమ్మాయిలను ఏడు, ఎనిమిది తరగతుల్లోనే ఆపేస్తున్నాం. పెద్దమనిషి అయ్యాక "ఇంకా ఆ ఆటలేంటి, ఎండలో నల్లబడిపోతావ్" అంటాం. ట్రాక్ ప్యాంట్ గురించి అమ్మమ్మ ఒక మాట అంటుంది. నెలసరి రోజుల్లో ఎవరికి చెప్పాలో తెలియక పాప తనంతట తానే మానేస్తుంది. మార్కుల ప్రసక్తే రాకుండా ఆట ఆగిపోతుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పిన ముగ్గురూ ఆడపిల్లలేనని మీరు గమనించే ఉంటారు. పాపకు సరైన స్పోర్ట్స్ వేర్ కొనివ్వండి. నెలసరి రోజుల్లో ఆడాలా, విశ్రాంతి తీసుకోవాలా అన్నది తన ఒంటిని బట్టి తననే నిర్ణయించుకోనివ్వండి. మీ బ్రాంచ్‌లో అమ్మాయిలు మాట్లాడటానికి లేడీ పీఈటీ గానీ, ఒక మేడమ్ గానీ ఉన్నారా అని పీటీఎంలో అడగండి.

"ఆటతో సీటు వస్తుందా సార్?"

ఇది నేను ఎక్కువగా వినే మాట. నిజమే, రాదు. మన పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది జ్యోతి, సింధు కారు. కావాలని నేను అడగడం లేదు. మీరు ఫీజు కడుతున్నది మంచి చదువు కోసం. ఇంటర్, ఐఐటీ, నీట్ అన్న ఆలోచన మీకు ఉండటంలో తప్పు లేదు. అందుకే లెక్కల టీచర్‌గా లెక్కతోనే జవాబు చెబుతాను.

వారానికి 168 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నిద్రకు 56. బస్సు ప్రయాణంతో కలిపి స్కూలుకు రోజుకు తొమ్మిది గంటలనుకుంటే ఆరు రోజులకు 54. మిగిలినవి 58 గంటలు. రోజుకు ముప్పావు గంట చొప్పున అయిదు రోజులు ఆడితే మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. 58లో నాలుగు గంటలు కూడా కాదు. అది తీసేస్తే చదువుకు నిజంగా ఎంత కలుస్తుంది? ఆ సమయంలో సగం ఫోన్‌లో రీల్స్ చూడటానికే పోతుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను అడిగే ముప్పావు గంట దానికన్నా తక్కువే.

పరీక్షలు దగ్గర పడినప్పుడు గేమ్స్ పీరియడ్‌ను సబ్జెక్టుకు మళ్లించడం చాలా స్కూళ్లలో ఉన్న అలవాటు. దాన్ని ఆపగలిగే శక్తి టైమ్‌టేబుల్‌కు లేదు, మీకు ఉంది. పీటీఎంలో మార్కుల గురించి పది ప్రశ్నలు అడుగుతారు కదా, "ఈ నెల మా వాడికి గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయి?" అని పదకొండో ప్రశ్న అడగండి. అడిగేవాళ్లు ఉంటే పీరియడ్ నిలబడుతుంది.

ఎప్పుడు ఆపడం సరైనది?

పట్టుదల పేరుతో పిల్లల్ని బాధపెట్టమని నేను చెప్పడం లేదు. నొప్పి దాచుకుని ఆడమనకండి. మోకాలో భుజమో వారం దాటినా నొప్పి పెడుతుంటే డాక్టర్‌కు చూపించండి, అంతవరకు ఆట ఆపండి. కోచ్ కొడుతున్నా, అవమానిస్తున్నా, పిల్లలు ప్రాక్టీస్ రోజు నిద్రపోలేకపోతున్నా ఆ చోటు మాన్పించండి. తండ్రి చిన్నప్పటి క్రికెట్ కోరిక కొడుకుతో తీర్చుకోవాలనుకుంటే ఆ పిల్లవాడు మానేయాలనుకోవడంలో వింత లేదు.

మామూలు విసుగుకు మాత్రం ఒక నియమం పెట్టుకోండి. పట్టుదల మీద పరిశోధన చేసిన ఆంజెలా డక్‌వర్త్ తన ఇంట్లో పాటించే పద్ధతి ఒకటి రాశారు. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక కష్టమైన పని చేయాలి. దాన్ని ఎవరికి వారే ఎంచుకోవాలి. మానేయొచ్చు, కానీ సీజన్ అయ్యాక, కట్టిన ఫీజు గడువు తీరాక. ఓడిన రోజున, తిట్లు తిన్న రోజున మానేయకూడదు. ఇందులో నాకు నచ్చింది "ప్రతి ఒక్కరూ" అన్న మాట. అమ్మానాన్నలకూ ఆ నియమం వర్తిస్తుంది. ఈత నేర్చుకుంటూ మునుగుతున్న నాన్నను, కొత్తగా సైకిల్ నేర్చుకుంటున్న అమ్మను చూసిన పిల్లలకు పట్టుదల గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. ఎస్‌ఏ-1 పేపర్లు వచ్చిన రోజు ఏమీ అనకండి. భోజనం పెట్టండి. మర్నాడు సాయంత్రం అరగంట కూర్చోండి.

2. పోయిన మార్కులను మూడు వరసల్లో రాయించండి: తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, టైమ్ చాలక పోయినవి. మొదటి వరసకు టీచర్ సాయం కావాలి. రెండోదానికి జవాబు సరిచూసుకునే అలవాటు కావాలి. మూడోదానికి గడియారం పెట్టుకుని ప్రాక్టీస్ కావాలి. మూడింటికీ "ఇంకా చదువు" అన్న ఒకే మందు పని చేయదు.

3. వచ్చే పరీక్షకు ఒక్క విషయమే మార్చమనండి. అయిదు కాదు, ఒక్కటే. అది జరిగిందా లేదా అన్నది మార్కుల కన్నా ముందు అడగండి.

4. "మా వాడు బ్రిలియంట్" అన్న మెప్పు తగ్గించండి. 1998లో మ్యూలర్, డ్వెక్ చేసిన ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఒక్క ఓటమికే ఎక్కువగా డీలా పడ్డారు. ప్రయత్నాన్ని మెచ్చుకున్నవాళ్లు కష్టమైన పనిని ఎంచుకున్నారు. మెప్పు మాటలు మార్చితేనే మార్కులు పెరిగిపోవు, నిజమే. కానీ పిల్లలు తప్పు దాచకుండా మీ దగ్గరికి తెస్తారు. అక్కడే సగం పని అవుతుంది.

5. మ్యాచ్ అయ్యాక కారులో గానీ, బండి మీద గానీ వచ్చేటప్పుడు కోచింగ్ ఇవ్వకండి. "ఆకలేస్తోందా?" అని అడగండి చాలు. మిగతాది వాళ్లే చెబుతారు.

6. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకండి. పోయిన నెల మీ పాపతోనే మీ పాపను పోల్చండి. జ్యోతి 13.23ను దాటింది తన పాత పరుగుతో పోటీపడే.

తొమ్మిదో తరగతిలో గేమ్స్ ఆపించాలని ఫోన్ చేయబోతున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మార్చి పరీక్షలు అయ్యేవరకు ఆ నిర్ణయం వాయిదా వేయండి. ముప్పావు గంట ఆటనూ ఉంచండి, మూడు వరసల తప్పుల పట్టికనూ మొదలుపెట్టండి. నాలుగైదు నెలల తర్వాత కూడా ఆటే అడ్డుగా ఉందని మీకు అనిపిస్తే అప్పుడు పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడదాం, పీఈటీ సార్‌నూ పిలుద్దాం. ముందు ఆ షూస్ అటక మీద నుంచి కిందికి దించండి.